పలక కంటే ముందు మాట



స్మారకోపన్యాసంలో మొదటి పావుగంట పోయినవారి గుణగణాలకు కేటాయించడం ఆనవాయితీ. ఈ ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ టీచరమ్మగారికి అది గిట్టేది కాదు. ఎవరైనా పొగడ్త మొదలుపెడితే "పిల్లల భోజనం టైమైంది" అని లేచిపోయే మనిషి. కాబట్టి ఆవిడ గురించి చెప్పాల్సింది సందర్భం వచ్చినప్పుడే చెబుతాను. మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు కూర్చునే గదిలో అసలు పాఠం ఏది? ఇవాళ నేను తీసుకున్న ప్రశ్న ఇదొక్కటే.

నా జవాబు ముందే చెప్పేస్తాను, మీరు చివరిదాకా ఊహించుకుంటూ కూర్చోనక్కర్లేదు. ఆ గదిలో అసలు పాఠం మాట. పిల్ల చెప్పే మాట, అది విని టీచరు మళ్లీ అనే మాట. ఆటలు, కథలు, పూసలు, చింతపిక్కలు అన్నీ ఆ మాటకు చోటిచ్చేవే. అక్షరం, అంకె ఆ వెనకాల వస్తాయి. మనం మాత్రం వెనకది ముందు పెట్టి, ముందుది అసలు పెట్టడమే మానేశాం.

సాయంత్రం ఏ బడి గేటు దగ్గరైనా నిలబడి వినండి. ఎల్‌కేజీ పిల్లను స్కూటీ ఎక్కించుకుంటూ తల్లి అడిగే మొదటి మాట: "ఇవాళ ఏం రాయించారు?" ఎవరితో ఆడుకున్నావు, మిస్ ఏం కథ చెప్పింది అని అడిగేవాళ్లు తక్కువ. ఆ తల్లిని తప్పు పట్టలేం. అప్పో సప్పో చేసి ఫీజు కడుతోంది, కట్టినదానికి రుజువు కావాలి. నోట్సులో నాలుగు పేజీలు నిండి ఉంటే అదే రుజువు. బడివాళ్లకూ ఈ సంగతి బాగా తెలుసు. అందుకే నాలుగేళ్ల పిల్లకు నాలుగు గీతల పుస్తకం, రెండు గీతల పుస్తకం, లెక్కలకు గళ్ల పుస్తకం, తెలుగుకు ఇంకోటి. ఈ మధ్య యూకేజీ అయిపోయిన పిల్లలకు నల్ల గౌను తొడిగి, కుచ్చుల టోపీ పెట్టి పట్టాలు కూడా ఇస్తున్నారు, అదీ ఎండలు మండుతుండగా. ఆ పట్టా పుచ్చుకున్న పిల్లకు దాహమేస్తే ఇంగ్లీషులో అడగడం రాదు, తెలుగులో అడిగితే ఏమంటారోనని ఊరుకుంటుంది.

పెన్సిలు పట్టుకున్న నాలుగేళ్ల చేతిని దగ్గరగా చూడండి. వేళ్లన్నీ ముడిచి పిడికిట్లో బిగిస్తుంది. రాసేటప్పుడు కదిలేది వేళ్లు కాదు, భుజం. గీత కనబడాలని నొక్కితే కాగితం వెనక వైపుకు అచ్చు దిగుతుంది. పైగా మన అక్షరాలన్నీ వంపులు. తిన్నగా ఒక గీత లాగడం కన్నా, గుండ్రంగా తిప్పి, సరిగ్గా అనుకున్నచోట ఆపి, అక్కడి నుంచి వెనక్కి మళ్లించడం చిన్న చేతికి చాలా కష్టం. పిండి పిసకడం, పూసలు గుచ్చడం, చిక్కుడుకాయలకు ఈనెలు తీయడం, తడి ఇసకలో వేలితో గీయడం ఇవన్నీ ఆ వేళ్లను తయారు చేసే పనులు. అక్షరాభ్యాసం రోజున పళ్లెంలో బియ్యం పోసి పిల్ల వేలు పట్టి దిద్దిస్తాం కదా. మర్నాడే ఆ పళ్లెం అటకెక్కి పెన్సిలు దిగుతుంది. నన్నడిగితే ఏడాదిపాటు ఆ పళ్లెం కిందే ఉండాలి.

ఇంత తొందర దేనికని అడిగితే, తెలుగులో అక్షరాలు ఎక్కువ, ఇప్పుడే మొదలుపెట్టకపోతే ఎలా అంటారు. అక్షరాలు ఎక్కువన్న మాట నిజమే. గుణింతాలు, ఒత్తులు కలిపితే పిల్ల గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లోకి వెళతాయి. మనకు తోబుట్టువు లాంటి కన్నడ లిపి మీద సోనాలి నాగ్ పరిశోధన చేసి 2007లో ప్రచురించారు. పాఠ్యపుస్తకం అనుకున్న వేగానికి, పిల్లలు నిజంగా అక్షరాలను పట్టుకునే వేగానికి పొంతన లేదని, నాలుగో తరగతి పిల్లల్లో కూడా చాలామందికి అన్ని రూపాలూ పట్టుబడలేదని అందులో తేలింది. అంటే ఇది ఎలాగూ కొన్నేళ్లపాటు సాగే పని. నాలుగో ఏట చెయ్యి నొప్పి పుట్టేలా రాయించినంత మాత్రాన తొమ్మిదో ఏట అయ్యేది అయిదో ఏటనే అయిపోదు. పైగా వరస తప్పకూడదని 'ఋ', 'ౠ' కూడా మొదటి నెలలోనే దిద్దిస్తాం. 'తల', 'వల', 'పలక' చదవడానికి అయిదు అక్షరాలు చాలు. 'ౠ'తో చదువుకోవడానికి ఆ పిల్లకు ఈ ప్రపంచంలో ఒక్క మాటైనా దొరుకుతుందా?

రాత ముందా, మాట ముందా అన్న ఈ తగువు మన దేశంలో కొత్తగా వచ్చింది కాదు. నూరేళ్ల కిందట గుజరాత్‌లోని భావనగర్‌లో ఒక వకీలు దీన్ని ఎత్తుకున్నాడు. గిజుభాయి బధేకా. కొడుకు పుట్టాక, వీడికి ఎలాంటి చదువు చెప్పించాలి అని వెతుకుతూ మాంటిస్సోరి పుస్తకాలు చదివాడు. వకాలత్ వదిలి దక్షిణామూర్తి సంస్థలో చేరాడు. 1920లో అక్కడ బాలమందిరం పెట్టాడు. పిల్లలను ఆయన సాకిన తీరు చూసి గుజరాతీలు మీసాలున్న తల్లి అని ముద్దుగా పిలుచుకున్నారు. 1932లో వచ్చిన 'దివాస్వప్న' మన దగ్గర 'పగటి కల'గా చాలామంది టీచర్లు చదివిందే. అందులోని మాస్టారు మొదటిరోజు క్లాసులో పిల్లల చేత నిశ్శబ్దం ఆట ఆడించబోతాడు. పిల్లలు అల్లరి చేసి పెడతారు. ఆ రోజు పథకం గంగలో కలుస్తుంది. మర్నాడు ఆయన పద్ధతులన్నీ పక్కన పెట్టి ఒక కథ మొదలుపెడతాడు. క్లాసు కుదురుకుంటుంది.

ఆ కథ దగ్గరే గిజుభాయి తన గురువును దాటాడని నా అభిప్రాయం. ఆరేళ్ల లోపు పిల్లలకు అద్భుత కథలు వద్దన్నది మాంటిస్సోరి. ముందు నిజమైన వస్తువులు, వాటి బరువు, రంగు, పొడవు తెలియాలన్నది ఆవిడ పట్టుదల. ఆవిడ దగ్గర వేళ్లతో తడమడానికి గరుకు కాగితంతో చేసిన అక్షరాలున్నాయి. చేతిని రాతకు సిద్ధం చేయడం గురించి ఆవిడకు తెలిసినంతగా ఆ రోజుల్లో ఇంకెవరికీ తెలియదు. కానీ మన ఊళ్లల్లో నాయనమ్మ ఒళ్లో పిల్ల మొదట వినేది కథే. గిజుభాయి ఆ కథను బడి వాకిట్లోనే ఆపేయడానికి ఒప్పుకోలేదు. మాంటిస్సోరి స్వయంగా 1939 నవంబరులో మద్రాసు చేరి, అడయారులో తాటాకు పందిళ్ల కింద దాదాపు 300 మందికి శిక్షణ ఇచ్చింది. యుద్ధం వల్ల 1946 దాకా ఈ దేశంలోనే ఉండిపోయింది. ఆవిడ ఇక్కడికి చేరేనాటికి గిజుభాయి పోయి అయిదు నెలలు కూడా కాలేదు. ఆ ఇద్దరూ ఒక పూట కూర్చుని కథల గురించి వాదించుకుని ఉంటే ఎలా ఉండేదో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

గిజుభాయితో పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో మహారాష్ట్ర తీరాన బోర్డీ అనే పల్లెకు వెళ్లింది. పదమూడేళ్లకే భర్తను పోగొట్టుకుని, ఆ తరవాత చదువుకుని టీచరైన అనూతాయి వాఘ్ ఆవిడకు తోడైంది. ఖరీదైన మాంటిస్సోరి పరికరాలు అక్కడ ఎవరు కొంటారు? గవ్వలు, గింజలు, ఆకులు, గులకరాళ్లే పరికరాలయ్యాయి. పేటల పిల్లలు బడి దాకా రాకపోతే వీళ్లే పేటకు వెళ్లి ముంగిట్లో చాప పరిచారు. అంగన్‌వాడీ అక్కడ పుట్టింది. పాఠానికి ముందు పిల్లలకు స్నానం చేయించడం, గోళ్లు తీయడం, తల దువ్వడం కూడా టీచరు పనే. తరవాత కోస్‌బాడ్ కొండ మీద వార్లీ పిల్లల మధ్య అదే పని సాగింది. పశువులు కాసే పిల్లల కోసం పచ్చికబయలుకే బడి వెళ్లింది. పిల్ల ఎక్కడ ఉందో, ఏ మాట మాట్లాడుతోందో అక్కడి నుంచే పాఠం మొదలవ్వాలన్నది వాళ్లు ఉపన్యాసాలతో చెప్పలేదు, చేసి చూపించారు. 1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) మొదలుపెట్టినప్పుడు కేంద్రాలకు ఆ పేరే పెట్టింది. పేరు తీసుకున్నంత సులువుగా పద్ధతి తీసుకోలేకపోయింది.

ఇక లెక్కల సంగతి. ఆట ఉంటే చాలు, అదే చదువు అని వాదించే మిత్రులు కూడా ఈ సభలో ఉన్నారు. వాళ్లతోనూ నాకు పేచీ ఉంది.

ఒక నాలుగేళ్ల పిల్లాడు ఇరవై దాకా గడగడా చెబుతాడు. ఇంట్లో వచ్చిన చుట్టాల ముందు అది ప్రదర్శన. వాడి ముందు గుప్పెడు చింతపిక్కలు పోసి "అయిదు ఇవ్వు నాన్నా" అనండి. గుప్పెడూ ఇచ్చేస్తాడు. "లెక్కపెట్టు" అంటే పిక్క మీద వేలు పెట్టి ఒకటి, రెండు, మూడు అంటాడు. నోరు ముందు పోతుంది, వేలు వెనకబడుతుంది. ఒక పిక్కను రెండుసార్లు లెక్కపెడతాడు. సరిగ్గా అయిదు లెక్కపెట్టాక "ఎన్ని ఉన్నాయి?" అని అడిగితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాడు. చివరగా అన్న 'అయిదు' అనే మాట ఆ కుప్ప మొత్తానిదని వాడికింకా తెలియదు. లెక్కలో అసలు మెట్టు అదే. అది ఎక్కడానికి నెలలు పడుతుంది. వంద దాకా కాపీ రాయించినా ఆ మెట్టు ఎక్కరు. అష్టాచెమ్మాలో గవ్వలు వేసి, పడినన్ని గళ్లు కాయను నడిపిస్తే ఎక్కుతారు, ఎందుకంటే ఒక గడి ఎక్కువ నడిపితే పక్కవాడు ఊరుకోడు.

అయితే ఆడించి వదిలేస్తే చాలా? ఢిల్లీలోని 214 పూర్వ ప్రాథమిక కేంద్రాల్లో 1,540 మంది పిల్లలతో మోయిరా డిలన్, ఎలిజబెత్ స్పెల్కీ, ఎస్తేర్ డుఫ్లో తదితరులు చేసిన ప్రయోగం 2017లో వెలువడింది. ఎక్కువ తక్కువలు, ఆకారాలు చూసి పసిగట్టే ఆటలను నాలుగు నెలలు ఆడించారు. పిల్లలకు ఆ చూపు పదునెక్కింది, ఏడాది దాటినా నిలిచింది. కానీ ఒకటో తరగతిలో అంకెలతో చేసే లెక్కల దగ్గర ఆ మేలు కనబడలేదు. ఆటలో వచ్చిన తెలివి దానంతటది పలక మీదికి నడిచి రాదన్నమాట. దాన్ని చెయ్యి పట్టుకుని తీసుకురావాలి. అయిదు పిక్కలు కుప్పగా పెట్టిన పిల్లాడి పక్కన కూర్చుని, "అయిదు పెట్టావు కదా, అయిదును ఇలా రాస్తాం" అని ఆ క్షణంలో గీసి చూపించే మనిషి కావాలి. రేపటికి వాయిదా వేస్తే పని జరగదు. ఆటకు, అంకెకు మధ్య ఉన్నది ఈ ఒక్క వాక్యమే. దాన్ని ఎప్పుడు అనాలో తెలిసిన టీచరునే నేను మంచి టీచరు అంటాను.

టీచరు శిక్షణలో ఉన్న డైట్ విద్యార్థులు ఇక్కడ కొంచెం చెవి ఒగ్గండి. నేను ఒక కేంద్రంలో విన్న సంభాషణ చెబుతాను. టీచరు తప్పిపోయిన కుక్కపిల్ల కథ చెబుతూ ఆగి, "ఎక్కడికి పోయుంటుంది?" అంది. ఒక పిల్ల "వాళ్ల అమ్మమ్మ ఊరికి" అంది. టీచరు నవ్వి ఊరుకోలేదు, "అంత దూరం ఎట్లా పోయింది?" అంది. "బస్సులో." "మరి టికెట్టుకు డబ్బులు?" పిల్ల కొంచెం ఆలోచించి, "అది ఆడకుక్క. టికెట్టు లేదు" అంది. ఇంకో పిల్లాడు లేచి "ఆధార్ కార్డు చూపియ్యాలి" అన్నాడు. దాని మీద పెద్ద గొడవ, కుక్కకు ఆధార్ ఉంటుందా ఉండదా అని. పది నిమిషాలు కథ ముందుకు కదల్లేదు.

సూపర్‌వైజరు చూసి ఉంటే క్లాసు అదుపు తప్పిందనేది. నేను చూసింది వేరు. ఆ పిల్ల ఒక కారణం చెప్పింది. ఆడవాళ్లకు బస్సులో టికెట్టు లేదన్న, తనకు తెలిసిన లోకంలోని నియమాన్ని తనకు తెలియని కథకు వర్తింపజేసింది. ఆ పిల్లాడు ఆ నియమానికి ఒక షరతు కలిపాడు. పెద్దయ్యాక పాఠం చదివి అర్థం చేసుకోవడమంటే ఇంతకన్నా ఏముంది? పక్క ఊరి కేంద్రంలో అదే కథ అయ్యాక టీచరు "ఇదేమిటి?" అంటూ చార్టు మీద కర్ర పెట్టింది. పిల్లలందరూ ఒకే గొంతుతో "కుక్క" అన్నారు. "ఇదేమిటి?" "బస్సు." చెవులకు క్రమశిక్షణగా వినిపించింది. అక్కడ ఎవరికీ ఏమీ ఆలోచించాల్సిన పని పడలేదు.

తేడా అంతా టీచరు అడిగిన ప్రశ్నలో, ఆ తరవాత ఆగిన తీరులో ఉంది. అమెరికాలో మేరీ బడ్ రో 1970ల్లో టీచర్లు ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నారో కొలిచింది. సగటున ఒక సెకను. దాన్ని మూడు సెకన్లు చేస్తే పిల్లల జవాబుల పొడవు పెరిగింది, ఎప్పుడూ నోరెత్తనివాళ్లు నోరెత్తారు. మూడు సెకన్లు ఖర్చులేని సంస్కరణ. నలభై కళ్లు మనవైపే చూస్తున్నప్పుడు మూడు సెకన్లు ఊరుకోవడం ఎంత కష్టమో చేసినవాళ్లకు తెలుసు.

టీచరమ్మగారి గురించి ఇక్కడ చెప్పాలి. ఆవిడ దగ్గర పిల్లలకు కాపీ పుస్తకాలు ఉండేవి కావు. ఆవిడకు ఉండేది. వంద పేజీల మామూలు నోటుబుక్కు. పిల్లలు అన్న మాటలు అందులో రాసుకునేవారు, తేదీ వేసి, పేరు వేసి. జూన్‌లో ఒక పిల్ల "నీళ్లు" అని మాత్రమే అన్నది. దసరా నాటికి "నాకు నీళ్లు కావాలి". సంక్రాంతికి "వాడు తాగాక నేను తాగుతా, గ్లాసు కడిగి". తల్లిదండ్రులు ఏం రాయించారని అడిగితే ఆ నోటుబుక్కు తీసి చదివి వినిపించేవారు. కొందరు నవ్వేవారు, కొందరికి కోపం వచ్చేది. ఆ కోపానికి ఒకటి రెండు అడ్మిషన్లు ప్రైవేటుకు పోయాయి కూడా. ఆవిడ పద్ధతి మార్చుకోలేదు.

ఆ నోటుబుక్కుల్లో లంబాడీ తండా నుంచి వచ్చిన పిల్లల పేజీలు మొదట ఖాళీగా ఉంటాయి. ఇంట్లో గోర్‌బోలి, ఇక్కడ తెలుగు. ఆ మౌనాన్ని చూసి "ఈ పిల్లకు మాట సరిగా రాదు" అని రిపోర్టులో రాసే టీచర్లు నాకు తెలుసు. ఉట్నూరు గోండు పిల్ల అయినా, సీతంపేట సవర పిల్ల అయినా ఇదే కథ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తయారుచేసి ఒకటో తరగతి మొదలుపెట్టిన ప్రయత్నం దేశమంతా మెచ్చుకున్నదే. అది ఒకటో తరగతితో మొదలైంది. మౌనం మూడో ఏటనే మొదలవుతుంది. తండా నుంచి వచ్చిన ఆయా ఉన్న కేంద్రాల్లో ఆ మౌనం ఎక్కువ రోజులు ఉండదు. ఆయాను వంటకూ ఊడ్పుకూ మాత్రమే లెక్కగట్టే మనం, ఆమె నోట్లో ఒక భాష ఉందన్న సంగతి మరిచిపోతాం.

ఇంతసేపూ టీచరు ఇలా ఉండాలి, అలా అడగాలి అన్నాను. ముందు వరసలో ఉన్న అంగన్‌వాడీ టీచర్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకోవడం కనబడుతోంది. నిజమే, ఎప్పుడు అడగాలి? పొద్దున హాజరు, పిల్లల ఎత్తు బరువులు, గర్భిణుల భోజనం, గుడ్ల లెక్క, బాలామృతం ప్యాకెట్లు, టీకాల రోజు, సర్వేలు, పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కింపు, సిగ్నల్ లేకపోతే మేడ మీదికెక్కి మళ్లీ ఎక్కింపు. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా కేంద్రాలు, తెలంగాణలో 35 వేలకు పైగా. దాదాపు అన్నిచోట్లా ఇదే దినచర్య. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు సమ్మెకు దిగి 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నారు. జీతం, గ్రాట్యుటీ వాళ్ల డిమాండ్లు. నా ఉపన్యాసానికి అవి దూరమైన విషయాలు కావు. రేపు ఏమవుతుందోనన్న బెంగలో ఉన్న మనిషికి కుక్కపిల్ల టికెట్టు గురించి అడిగే ఓపిక రాదు.

తమిళనాడులో 320 కేంద్రాలు తీసుకుని ఒక ప్రయోగం చేశారు. అలెహాండ్రో గానిమియన్, కార్తీక్ మురళీధరన్, క్రిస్టఫర్ వాల్టర్స్ దాన్ని అధ్యయనం చేశారు. సగం కేంద్రాల్లో, పిల్లలకు పాఠం చెప్పడానికే ఒక పూట మనిషిని అదనంగా వేశారు. బోధన సమయం రెట్టింపయింది. ఏడాదిన్నర తరవాత ఆ పిల్లలు భాషలో, లెక్కల్లో ముందున్నారు. అది అందరూ ఊహించేదే. ఊహించనిది, అక్కడ ఎదుగుదల లోపం, తీవ్ర పోషకాహార లోపం కూడా తగ్గాయి. పాత టీచరుకు చెయ్యి ఖాళీ అయింది కాబట్టి తల్లులను, బరువు తక్కువ పిల్లలను చూసుకోగలిగింది. చదువు పోషణకు అడ్డమని, పోషణ చదువుకు అడ్డమని ఫైళ్లలో తగువు పడేవాళ్లకు ఇది చదివి వినిపించాలి.

2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే దశ అంది, ఆటే పద్ధతి అంది. 2023లో బొమ్మలు, కార్డులతో 'జాదూయీ పిటారా' అని పెట్టె కూడా వచ్చింది. కాగితం మీద అభ్యంతరం పెట్టడానికి ఏమీ లేదు. నేను చూసిన కొన్ని చోట్ల ఇలాంటి పెట్టెలు బీరువాలో భద్రంగా ఉన్నాయి, స్టాకు రిజిస్టరులో తేడా రాకూడదని. కార్డు నలిగితే ఎవరు జవాబు చెప్పాలి? నలగని కార్డు చూసి సంతోషించే తనిఖీ ఉన్నంతకాలం పెట్టెలు ఎన్ని వచ్చినా అంతే.

టీచరమ్మగారి పేరిట ఈ ఉపన్యాసం నడుపుతున్న నిధి కమిటీ వారికి రెండు మనవులు చేసి కూర్చుంటాను. ఏటా వడ్డీతో శాలువా, జ్ఞాపిక, ఈ ఉపన్యాసం అచ్చు వేస్తున్నారు. శాలువా డబ్బుతో వంద పేజీల నోటుబుక్కులు కొని ఈ మండలంలోని కేంద్రాలకు ఇవ్వండి, ఎవరూ తనిఖీ చేయకూడదన్న షరతు మీద. పిల్లల మాటలు రాసుకోవడానికి. వచ్చే ఏడాది నాలాంటి రిటైరయిన మనిషిని పిలవకుండా, అలా రాసుకున్న ఒక టీచరును వేదిక ఎక్కించి ఆ పేజీలే చదివించండి. తేదీ మాత్రం సెక్టార్ మీటింగు లేని రోజు చూసి పెట్టండి, లేకపోతే ఆమె రాలేదు.